లెక్కకు ముగ్గురు

గుమస్తా దరఖాస్తును కిటికీలోంచి వెనక్కి తోశాడు.

"నీ ఒక్కడిదే ఇస్తే ఏం చేసుకోను? పోయినసారి ఏమైందో మర్చిపోయావా?"

అతను మర్చిపోలేదు. విశ్వవిద్యాలయం హీలియం ప్లాంటులో సాంకేతిక అధికారి పోస్టుకు పోయినసారి ప్రకటన ఇస్తే ప్రాక్టికల్ పరీక్షకు ఇద్దరే వచ్చారు. ముగ్గురికి తక్కువైతే పోటీ జరగనట్టు లెక్క. పరీక్ష రద్దయింది. ఇస్త్రీ చొక్కాతో వరండాలో కూర్చున్న అతను మధ్యాహ్నానికి లేచి, అదే ప్లాంటుకు నడిచి వెళ్లి, చొక్కా విప్పి మేకుకు తగిలించి, కంప్రెసర్ నడిపాడు. ఆ ప్లాంటును కాంట్రాక్టు మీద నడుపుతున్నది అతనే.

"జనం రాకపోతే నన్నేం చెయ్యమంటారండీ?"

"ఎందుకొస్తారయ్యా? ఆ పోస్టు నీకోసం పెట్టిందని క్యాంపస్‌లో కుక్కలకి కూడా తెలుసు. చార్జీలు పెట్టుకొని ఓడిపోడానికి ఎవడొస్తాడు? నువ్వే తెచ్చుకోవాలి. అందరూ చేసేదదే. వర్క్‌షాపు వెల్డరు వాళ్ల బావమరిదినీ తోడల్లుడినీ తెచ్చుకున్నాడు. వరండాలో ముగ్గురూ ఫొటో దిగడానికి వచ్చినట్టు కూర్చున్నారు."

వెనక నిలబడ్డవాళ్లలో ఎవరో నవ్వారు.

"ఇంకో మాట," అన్నాడు గుమస్తా, గొంతు తగ్గించకుండానే. "నీకు వయసు దాటిపోయింది. సడలింపు ఇచ్చారు కాబట్టి ఈసారికి తీసుకుంటున్నాను. మళ్లీ ఇప్పించాలంటే మీ ప్రొఫెసర్ పైదాకా వెళ్లి అడగాలి. ఎన్నిసార్లు అడుగుతారాయన? ఇది పోతే ఇక కాంట్రాక్టే. అదీ ఉంచితే."

బయట మెట్ల మీద ప్రొఫెసర్ ఎదురయ్యాడు. ప్లాంటు ఆయన విభాగం కిందే ఉంది.

"ఇద్దర్ని తెచ్చుకుంటున్నావా?"

"చూస్తున్నానండి."

"సైన్సు డిగ్రీ ఉండాలి. మరీ తెలివైనవాళ్లని తేకు." ప్రొఫెసర్ జేబులో తాళాలు వెతుక్కుంటూ నవ్వాడు. "మిగతాది నేను చూసుకుంటాను."

మొదటివాడు సులభంగానే దొరికాడు. పంపులు, గాస్కెట్లు అమ్ముతూ ప్లాంటుకు వచ్చే బీఎస్సీ చదివిన మనిషి ఒకడున్నాడు. మనిషి పొడుగు, ప్లాంటు తలుపు దగ్గర ఎప్పుడూ తల వంచి లోపలికి వస్తాడు. విషయం విని చేతిలోని సంచీ కింద పెట్టాడు.

"ఓడిపోతే చాలా?"

"చాలు."

"భోజనం పెట్టిస్తావా?"

"పెట్టిస్తాను."

"అయితే బ్రహ్మాండంగా ఓడిపోతాను. మా ఆవిణ్ని అడుగు, నా అనుభవం చెబుతుంది."

రెండో మనిషి కోసం అతను పాత విద్యార్థులు ముగ్గురికి ఫోన్ చేశాడు. ఒకడు ఎత్తలేదు. ఒకడు ఎత్తి, తనకు నిజంగానే ఉద్యోగం కావాలని, చూసి పెట్టమని అడిగాడు. మూడోవాడు నవ్వి పెట్టేశాడు. గడువు మర్నాటితో ముగుస్తుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి భోజనాల బల్ల మీద మరదలు జవాబు పత్రాలు దిద్దుతోంది. భార్య చెల్లెలు. వాళ్లింట్లోనే ముందు గదిలో ఉంటుంది. ట్యుటోరియల్లో ఫిజిక్సు చెబుతుంది. ఆమెకు ఎమ్మెస్సీ ఉందన్న సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

"నీకో పని చెప్తాను, చేస్తావా?"

"బల్బు మార్చాలా, పిల్లని తీసుకురావాలా?"

"ఒక ఉద్యోగానికి అప్లై చెయ్యాలి."

ఆమె కలం ఆగింది. "ఎవరికి ఉద్యోగం?"

"నాకు."

"నీ ఉద్యోగానికి నేను అప్లై చెయ్యడమేంటి బావా?"

అతను చెప్పాడు. ముగ్గురు, పరీక్ష, పోయినసారి రద్దు, వయసు. చెబుతున్నంతసేపూ ఆమె కలం మూత తీస్తూ పెడుతూ ఉంది.

"అంటే నేను కుర్చీ నింపాలి."

"అంతే."

"కుర్చీలో బస్తా పెడితే సరిపోదా?"

"బస్తాకి డిగ్రీ ఉండదు."

వంటగదిలోంచి భార్య తొంగిచూసింది. "వెళ్లవే. ఒక్క పూట. మీ బావకి ఎన్నేళ్లకి వచ్చిందో తెలుసుగా. వాళ్లేమైనా నిన్ను పిలిచి ఉద్యోగమిచ్చేస్తారా ఏంటి?"

"అదీ నిజమే," అంది మరదలు. దిద్దుతున్న జవాబు మీద అడ్డంగా గీత గీసింది. కాగితం చిరిగింది.

ఆదివారం ఆమెను ప్లాంటుకు తీసుకువెళ్లాడు. బొత్తిగా ఏమీ రాని మనిషిని తెస్తే పరీక్ష చెయ్యడానికి బయటినుంచి వచ్చేవాళ్లకు అనుమానం వస్తుందని అతని భయం. చూడ్డానికైనా అభ్యర్థిలా ఉండాలి.

షెడ్డులో పైకప్పు దాకా రబ్బరు సంచి ఉబ్బి ఉంది. ప్రయోగశాలల్లో ఆవిరైన హీలియం గొట్టాల్లోంచి ఆ సంచిలోకి తిరిగివస్తుంది. కంప్రెసర్ దాన్ని సిలిండర్లలోకి కుక్కుతుంది. అక్కణ్నుంచి లిక్విఫయర్ అనే యంత్రంలోకి వెళ్లి, చల్లబడి, ద్రవంగా పెద్ద పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రకు రెండు గోడలు, మధ్యలో శూన్యం. డ్యూవార్ అంటారు. ఆమె చుట్టూ తిరిగి చూసింది.

"ఏదీ ముట్టుకోకు."

"చూస్తే అరిగిపోతుందా?"

పాత్రలో ఎంత ద్రవం ఉందో కొలవడం మొదట చూపించాడు. పాత్ర మెడలోంచి సన్నటి స్టీలు గొట్టాన్ని మెల్లగా దించాలి. గొట్టం పైకొసకు చిన్న గిన్నె, గిన్నె మీద బిగించిన రబ్బరు పొర. దాని మీద బొటనవేలు పెడితే లోపల వాయువు కొట్టుకోవడం తెలుస్తుంది. గొట్టం అడుగు ద్రవంలో ఉన్నంతసేపు దెబ్బలు నిదానంగా వస్తాయి. పైకి తీస్తూ వస్తే, ద్రవాన్ని వదిలిన చోట వేగం పెరుగుతుంది. అక్కడ గుర్తు పెట్టుకోవాలి. అతను వేలు పెట్టాడు, గొట్టం ఎత్తాడు, గుర్తు పెట్టాడు. అంతలోనే అయిపోయింది.

ఆమె ముందుకు వచ్చింది. అతను గోడకున్న చేతి తొడుగులు, ముఖానికి అడ్డుపెట్టుకునే అద్దం తీసి ఇచ్చాడు.

"నువ్వు వేసుకోలేదుగా."

"నాకు అలవాటు. తొడుగుల్లోంచి నాకు సరిగ్గా తెలీదు. ఆ రెండో జత బొటనవేలు దగ్గర చిరిగి ఎంతకాలమైందో. కొత్తవి కొనమని అడగడం మానేశాను. నువ్వు మాత్రం వేసుకో. ఆ చలికి నీ వేళ్లు కాలితే మీ అక్క నా వేళ్లు నరుకుతుంది."

తొడుగుల్లోంచి ఆమెకు మొదట ఏమీ తెలియలేదు. రెండోసారీ తెలియలేదు. అతను గోడకు ఆనుకొని గడియారం చూసుకున్నాడు. మూడోసారి ఆమె కళ్లు మూసుకుంది. కాసేపటికి, "ఇక్కడ," అంది.

అతను వచ్చి వేలు పెట్టి చూశాడు. "సరే," అన్నాడు.

తర్వాత ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ద్రవం పంపడం. పంపే గొట్టాన్ని ముందు హీలియం వాయువుతో ఊదాలి. లేకపోతే లోపలి గాలి గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఎంతసేపు ఊదాలి, ఎందుకు అంతసేపు, తక్కువైతే ఎలా తెలుస్తుంది అని ఆమె అడుగుతూనే ఉంది.

"నువ్వు పాసవ్వనక్కర్లేదమ్మా తల్లీ. వచ్చి నిలబడితే చాలు. ఇంటర్వ్యూలో ఏదైనా అడిగితే రెండింటికి తెలీదని చెప్పు."

"ఏ రెండింటికి?"

"నీ ఇష్టం."

"తెలిసినవాటికా, తెలియనివాటికా?"

అతను లైట్లు ఆర్పాడు.

పరీక్ష రోజున ముగ్గురూ వరండాలో కూర్చున్నారు. పంపులాయన మెడకు టై కట్టుకొచ్చాడు. బంధువులని తెలియకూడదని అతనూ మరదలూ మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నారు. "ఏవండీ, టైమెంతయింది?" అని ఆమె అడిగింది. అతను పళ్లు బిగించి చెప్పాడు.

బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు ఒక ప్రయోగశాలలో భద్రతాధికారి. ప్లాంటులోకి రాగానే గోడమీది బోర్డు దగ్గర నిలబడి పైనుంచి కిందిదాకా చదివింది. చేతి తొడుగులు, ముఖ కవచం లేకుండా పాత్రను తాకరాదని మొదటి వాక్యం. తనిఖీకి ముందు ఆ బోర్డు రాయించి మేకులు కొట్టింది అతనే. పరీక్షకురాలు అభ్యర్థుల వైపు తిరిగింది.

"ఈ బోర్డులో ఉన్నది పరీక్షకీ వర్తిస్తుంది. నెగ్గినవాళ్లకే ఇంటర్వ్యూ. సందేహాలున్నాయా?"

లేవన్నారు. పక్కన ప్రొఫెసర్ తల ఊపాడు.

పంపులాయన మొదట వెళ్లాడు. పాత్ర చుట్టూ ఒకసారి తిరిగి, "నేను వీటికి పంపులు అమ్ముతానండి, వీటిని నడపను," అని వినయంగా చెప్పి వచ్చి కూర్చున్నాడు. కూర్చుంటూ అతని వైపు చూసి కన్ను గీటాడు.

తర్వాత మరదలు. అద్దం దించుకుంది, తొడుగులు వేసుకుంది, గొట్టాన్ని పట్టుకుంది. ఆదివారం పట్టినంతసేపు పట్టలేదు గానీ సమయం పట్టింది. ప్రొఫెసర్ ఆవలించాడు. ఆమె గుర్తు పెట్టి, రెండో పాత్రలోకి ద్రవం పంపి, పక్కకు జరిగి, తొడుగులు విప్పి తర్వాతి మనిషికి అందించింది.

"ఇదిగోండి."

అతను వాటిని అందుకున్నాడు. ఆమె తనకు పని నేర్పుతున్నట్టు అనిపించింది. బల్ల మీద పడేశాడు. చొక్కా చేతులు మడిచి పాత్ర దగ్గరికి వెళ్లి గొట్టాన్ని దించాడు. కంప్రెసర్ చప్పుడు, కిటికీ, బల్ల అవతలి మనుషులు, అన్నీ వెనక్కి పోయాయి. బొటనవేలు కింద దెబ్బలు నిదానంగా, ఒకదాని వెనక ఒకటి. గొట్టం ఎత్తాడు. వేగం పెరిగింది. గుర్తు పెట్టాడు. మరదలికి పట్టిన సమయంలో పావు వంతు కూడా కాలేదు. పంపే గొట్టం కోసం చెయ్యి చాపాడు.

"ఆగండి," అంది పరీక్షకురాలు.

యంత్రంలో ఏదైనా తేడా వచ్చిందేమోనని అతను ముందు మీటర్ల వైపు చూశాడు.

"యంత్రం బాగానే ఉంది. మీ పరీక్ష అయిపోయింది."

అతను తన చేతుల్ని చూసుకున్నాడు.

"ఆయన ఈ ప్లాంటు నడిపే మనిషేనండీ," అన్నాడు ప్రొఫెసర్, నవ్వుతూ. "ఇక్కడ ఆయనకి తెలియంది లేదు."

"అంటే రోజూ ఇలాగే నడుపుతున్నారన్నమాట. మీకు తెలిసే. ఆ మాట నివేదికలో రాయమంటారా?"

ప్రొఫెసర్ నవ్వు ఆగింది. అతను ప్రొఫెసర్ వైపు చూశాడు. తొడుగులు కొనమని ఆ ముఖాన్నే ఎన్నోసార్లు అడిగాడు.

"వద్దులెండి," అన్నాడు ప్రొఫెసర్. "నిబంధన నిబంధనే. ఎవరికైనా ఒకటే." అని మోచేతి దగ్గరున్న నీళ్ల సీసా మూత బిగించాడు.

వరండాలోకి వచ్చాక పంపులాయన టై వదులు చేసుకున్నాడు. "నేను ఓడిపోవాలి గానీ నువ్వెందుకు ఓడిపోయావు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. భోజనం సంగతి ఎత్తకుండా వెళ్లిపోయాడు.

ఇంటర్వ్యూ గది తలుపు మూసి ఉంది. లోపల కుర్చీలు జరుపుతున్నారు. వదిలిన కుర్చీలోకి అతను జరిగి కూర్చున్నాడు.

"పద, వెళ్లిపోదాం."

"నన్ను పిలుస్తారుగా."

"పిలిస్తే పిలుస్తారు. నీ పని అయిపోయింది."

"నేను వెళ్లిపోతే నీకు వస్తుందా?"

"రాదు."

"మరి?"

ప్యూను తలుపు తీసి ఆమెను పిలిచాడు. ఆమె లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకొని, ఒక క్షణం నిలబడింది.

"తొడుగులు ఇచ్చాను కదా బావా."

"ఇచ్చావు."

ఆమె లోపలికి వెళ్లింది. అతను మెట్ల మీద కూర్చున్నాడు. ఆమె బయటికి వచ్చేసరికి మెట్ల మీది ఎండ అతని మోకాళ్ల నుంచి పాదాల మీదికి జరిగింది.

"ఏమడిగారు?"

"చెప్పాను."

"ఏమడిగారంటున్నా."

"అడిగినవన్నీ చెప్పాను."

బస్సులో ఆమె ముందు సీట్లో, అతను వెనక నిలబడి ఇంటికి వచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం గుమస్తా ప్లాంటుకు ఫోన్ చేశాడు. "నువ్వు తెచ్చినావిడే నెగ్గిందయ్యా! ఇప్పుడు పార్టీ ఎవర్ని అడగాలి, నిన్నా ఆవిణ్నా?" వెనక ఇంకెవరిదో నవ్వు వినిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్దవాళ్లు ముగ్గురూ పిల్లతో మాత్రమే మాట్లాడారు. "పిన్నిని ఆ గిన్నె ఇటు జరపమను." "నాన్నకి నీళ్లు కావాలేమో అడుగు." "నాకేం వద్దని చెప్పు." పిల్ల కాసేపు మాటలు మోసి విసిగిపోయింది. "నాకు హోంవర్క్ ఉంది. మీరూ మీరూ మాట్లాడుకోండి," అని కంచం తీసుకొని వెళ్లిపోయింది.

అప్పుడు భార్య మొదలుపెట్టింది.

"తెలీదని చెప్పమన్నారు కదే నిన్ను. నోట్లోంచి ఆ రెండు మాటలు రాలేదా?"

"ఎవరికోసం చెప్పాలక్కా? అప్పటికే బావని పంపించేశారు."

"అయితే నువ్వు ఎక్కి కూర్చుంటావా? ఆయన కుర్చీలో?"

"ఆయన కుర్చీ ఏంటి? ఖాళీ కుర్చీ."

"నా ఇంట్లో ఉంటూ..." అని భార్య ఆగిపోయింది.

"అను. పూర్తిచెయ్యి."

భార్య పూర్తిచెయ్యలేదు. ఈసారి అతని మీదికి తిరిగింది. "మీకేం పోయిందండీ ఆ మాయదారి తొడుగులు వేసుకుంటే? ఒక్కరోజు! ప్రపంచమంతా మీ బొటనవేలు చూసి చప్పట్లు కొట్టాలా?"

అతను చెయ్యి కడుక్కొని లేచాడు.

శుక్రవారం ప్రొఫెసర్ తన గదికి పిలిపించాడు. కుర్చీ చూపించాడు. ఇంతకుముందు ఎప్పుడూ చూపించలేదు.

"ఆవిడ మీ మరదలంటగా? ముందే చెప్పొద్దూ! మంచిదే అయింది. బయటివాళ్లైతే మాట వినరు. చేరడం ఇష్టం లేదని రాసిమ్మను. సోమవారం నాకు తెచ్చివ్వు."

"అప్పుడు పోస్టు ఏమవుతుందండి?"

"ఖాళీగా ఉంటుంది. వచ్చే ఏడు మళ్లీ ప్రకటన ఇస్తాను. నువ్వుంటావు, నేనుంటాను."

"వయసు..."

"సడలింపు మళ్లీ తెప్పిస్తాను. చెప్తున్నాను కదా. నిన్నొదిలేస్తానా?" ప్రొఫెసర్ లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మొన్న నేనేం చెయ్యగలను చెప్పు. ఆ పరీక్షకురాలు నివేదికలో రాస్తే ప్లాంటే మూసేసేవాళ్లు."

అతను ప్లాంటుకు తిరిగి వచ్చి ఆ మాటల్ని ఒకటికి రెండుసార్లు గుర్తుచేసుకున్నాడు. నిన్నొదిలేస్తానా. సాయంత్రం దాకా నమ్మడానికి ప్రయత్నించాడు. బస్సు ఎక్కేసరికి నమ్మాడు.

మరదల్ని ఎలా అడగాలో దారిపొడవునా అనుకుంటూ వచ్చాడు. అడగాల్సిన అవసరం రాలేదు. ముందు గదిలో ఆమె మంచం అంచున కూర్చొని ఉంది. అతన్ని చూడగానే దిండు మీదున్న కాగితం తీసి చాపింది.

"చేరనని రాసిమ్మని అక్క నిన్ననే చెప్పింది. రాసేశాను. తప్పులుంటే దిద్దుకో."

అతను చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏదో అనాలనిపించింది. "నీకు ట్యుటోరియల్ ఉందిగా," అన్నాడు.

"ఉంది. బ్రహ్మాండంగా ఉంది." ఆమె లేచి కిటికీ రెక్క వేసింది. "ఒక్కటే అడుగుతాను. వచ్చే ఏడు మళ్లీ ముగ్గురు కావాలి కదా. నన్ను పిలవకు. బస్తానే వెతుక్కో."

సోమవారం అతను వెళ్లేసరికి ప్లాంటు ముందు ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేసే స్కాలరు నిలబడి ఉన్నాడు. భుజానికి సంచీ, చేతిలో కొత్త నోటుపుస్తకం.

"గుడ్ మార్నింగ్ అన్నా. మీ దగ్గర పని నేర్చుకోమని సర్ పంపారు."

"ఏం పని?"

"మొత్తం. లిక్విఫయర్, ట్రాన్స్‌ఫర్, అన్నీ. వచ్చే ప్రకటనకి తయారవ్వమన్నారు. థీసిస్ అయిపోతోంది కదా, ఆ పోస్టు నాకు సరిగ్గా సరిపోతుందన్నారు."

అతను తాళం తీస్తున్న చెయ్యి ఆపలేదు. తలుపు నెట్టాడు, లైట్లు వేశాడు, మేకుకు సంచీ తగిలించాడు.

"పరీక్షకి ముగ్గురు రావాలి. తెలుసా?"

"తెలుసన్నా. ఒకణ్ని నేను మాట్లాడుకున్నాను, మా రూమ్మేట్."

"మూడోవాడు?"

స్కాలరు మొహమాటంగా నవ్వాడు. "మీరున్నారుగా. మీకు సడలింపు తెప్పిస్తానన్నారు సర్. మీతో మాట్లాడేశానని కూడా చెప్పారు."

అతను కంప్రెసర్ పక్కనున్న స్టూలు లాక్కొని కూర్చున్నాడు. కంప్రెసర్ ఇంకా ఆన్ చెయ్యలేదు. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది.

"అన్నా, మొదట ఏం నేర్చుకోవాలి?"

"మొదట బయట కూర్చోవడం నేర్చుకో. పిలుస్తాను."

స్కాలరు వెళ్లాక అతను జేబులోంచి కాగితం తీశాడు. అడ్డంగా చింపాడు, నిలువుగా చింపాడు, నూనె గుడ్డలు వేసే డ్రమ్ములో వేశాడు. ఫోన్ తీశాడు.

"నీ సర్టిఫికెట్లు తీసుకొని దరఖాస్తు ఇచ్చిన సెక్షనుకు రా. ఒరిజినల్స్."

"ఎందుకు?"

"చేరడానికి."

"అక్క..."

"మీ అక్కతో నేను మాట్లాడతాను. పన్నెండులోగా రా. అప్పటిదాకా ఆయన మీటింగులో ఉంటాడు."

"ఉన్నట్టుండి ఇంత ప్రేమ ఎక్కణ్నుంచి వచ్చింది బావా?"

"ప్రేమా లేదు, దోమా లేదు. నీ మొహం చూడాలంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతోంది."

"మరి?"

"ఇంకొకడి మొహం చూస్తే ఇంకా ఎక్కువ మండుతోంది. వస్తావా, రావా?"

ఆమె ఆటోలో వచ్చింది. జుట్టు సరిగా ముడి వేసుకోలేదు. గుమస్తా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇష్టం లేదని రాసిస్తున్నారన్నారే?"

"ఎవరన్నారు?" అన్నాడు అతను.

గుమస్తా కాగితాలు ముందుకు జరిపాడు. కొత్తగా చేరే మనిషి పనిచోటికి వచ్చినట్టు అక్కడి ఇన్‌ఛార్జి సంతకం చెయ్యాలి. ప్లాంటుకు అధికారి అంటూ ఎవరూ లేరు కాబట్టి సిలిండర్ల రసీదు నుంచి కరెంటు మీటరు దాకా ఇన్నేళ్లుగా ఇన్‌ఛార్జి గడిలో సంతకం అతనే పెడుతున్నాడు. గుమస్తా ఆ గడి మీద వేలు ఆనించి పైకి చూశాడు.

"తెలిసే పెడుతున్నావా?"

"ఈ పెన్ను రాయట్లేదు. ఇంకోటివ్వండి."

గుమస్తా తన జేబులోది ఇచ్చాడు. అతను సంతకం పెట్టాడు. మరదలు దానికింద పెట్టింది. గుమస్తా ముద్ర కొట్టి, ఎందుకో ఈసారి జోకు వెయ్యలేదు.

ప్రొఫెసర్ భోజనం వేళకు ప్లాంటుకు వచ్చాడు. తలుపు దగ్గర స్కాలరు లేచి నిలబడ్డాడు. ఆయన అతన్ని దాటుకొని లోపలికి వచ్చాడు.

"ఎవర్నడిగి సంతకం పెట్టావు?"

"ఇన్‌ఛార్జిని కదండీ. పొద్దున్నదాకా."

"నేను నీకేం చెప్పాను?"

"సడలింపు తెప్పిస్తానన్నారు." అతను స్టూలు మీంచి లేవలేదు. "ఎందుకో ఈ అబ్బాయి చెప్పాడు."

ప్రొఫెసర్ స్కాలరు వైపు తిరిగాడు. స్కాలరు నోటుపుస్తకం తెరిచి ఖాళీ పేజీ చూడసాగాడు.

"సరే," అన్నాడు ప్రొఫెసర్. "ఇక్కడ అధికారి వచ్చారు కదా, ఇక కాంట్రాక్టు మనిషితో పనేముంది? నెలాఖరుతో సరి. అర్థమైందా?"

"పెన్ను తీసుకున్నప్పుడే అర్థమైందండి."

"చూడమ్మా," ప్రొఫెసర్ మరదలి వైపు తిరిగాడు. "ఉద్యోగం వచ్చిందని సంబరపడకు. నీకిక్కడ పని చెప్పేవాడు ఉండడు."

"నెలాఖరుదాకా ఉంటాడు కదండీ," అంది ఆమె.

ప్రొఫెసర్ ఇంకేదో అనబోయి, చుట్టూ చూసి, వెళ్లిపోయాడు. బూట్ల చప్పుడు మలుపు తిరిగేదాకా ముగ్గురూ కదల్లేదు.

"అన్నా, మరి నేనేం చెయ్యను?" అన్నాడు స్కాలరు.

"నన్నడుగుతావేంటి? ఆవిణ్నడుగు."

మరదలు చేతిసంచీ ఎక్కడ పెట్టాలో తెలియక ఇంకా భుజానికే వేసుకొని ఉంది. గోడలూ గొట్టాలూ మీటర్లూ ఒక్కొక్కటే చూసింది.

"బావా..."

"ఇక్కడ బావ లేడు."

"మరేమని పిలవాలి?"

"ఏమనీ పిలవకు. పని చెప్పు."

ఆమె సంచీ తీసి నేలమీద పెట్టింది. "మొత్తం నేర్పడానికి ఎన్ని రోజులు పడుతుంది?"

"నెలాఖరుదాకా పడుతుంది."

"అంతకంటే ముందే నేర్చుకుంటాను."

"మాటలకేం."

"మొదలుపెట్టు మరి. మొదట్నుంచి."

అతను స్టూలు కాలితో వెనక్కి తోసి లేచాడు. యంత్రం వెనక్కి వెళ్లి, గోడవారగా ఉన్న మొదటి వాల్వు మీద చెయ్యి వేశాడు. ఆమె వచ్చి పక్కన నిలబడింది. ఆమె వెనక నోటుపుస్తకం తెరిచి పట్టుకొని స్కాలరు కూడా వచ్చి తల ముందుకు చాచాడు.

అతను చెయ్యి తీసి స్కాలరు వైపు తిరిగాడు.

"నువ్వు కాదు," అన్నాడు.